ట్రౌట్ ఒంటి మీద గుండ్రటి గాయం

లేక్ ట్రౌట్ ఒంటి మీద పడే గాయాలకు గ్రేడింగ్ ఉంది. చర్మం చిల్లుపడి లోపలి కండ కనిపిస్తే 'ఏ' రకం. పైపైన గీరుకుపోయి వదిలేస్తే 'బి' రకం. మళ్ళీ ఒక్కో రకంలో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు. ఏ-1 అంటే పచ్చిపుండు, లాంప్రే ఇప్పుడిప్పుడే వదిలి వెళ్ళిందన్నమాట. ఏ-4 అంటే పూర్తిగా మానిపోయిన మచ్చ. గ్రేట్ లేక్స్ మీద పనిచేసే చేపల శాఖల వాళ్ళు ఏటా వలలు వేసి, పడిన ట్రౌట్లను ఒక్కొక్కటే తిరగేసి చూసి ఈ లెక్క రాసుకుంటారు. వంద పెద్ద ట్రౌట్లకి ఇంకా మానని గాయాలు ఐదుకు మించకూడదు. పైనున్న మూడు సరస్సులకీ వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం ఇది.

గమనించండి, సున్నా అనలేదు. ఐదు అన్నారు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి దీనికి దగ్గరి మాట ఒకటుంది, ఎర్రర్ బడ్జెట్ అంటాం. ఏ సర్వీసూ వంద శాతం నిలబడదు, ఎంత పడిపోతే ఓర్చుకోగలమో ముందే ఒప్పుకుని ఆ హద్దు దాటకుండా చూసుకోవడమే మా ఉద్యోగం. ఒక చేప వీపు మీద ఉన్న గాయానికి కూడా అలాంటి లెక్క ఉంటుందని మిషిగన్ వచ్చేదాకా నాకు తెలీదు. మాది అద్దంకి. గుండ్లకమ్మ పక్కనే. ఎండాకాలం ఏరు ఎండి మడుగులు మిగిలితే జెల్లలు, పరిగెలు చేతుల్తో పట్టుకున్నవాళ్ళమే గానీ, వాటి ఒంటి మీద ఏముందో తిరగేసి చూసిన పాపాన పోలేదు.

లేక్ ట్రౌట్ వేటంటే ఏదో నది ఒడ్డున గాలం వేసుకుని కూర్చోవడం అనుకుంటే పొరపాటు. ఇది చల్లదనం కోరే చేప. పది డిగ్రీల నీళ్ళంటే ఇష్టం. జూలై, ఆగస్టుల్లో పై నీళ్ళు వేడెక్కగానే అడుక్కి దిగిపోతుంది. మా పాత మేనేజరు రిటైరయ్యాక రోజర్స్ సిటీ దగ్గర, హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. మేముండే డెట్రాయిట్ శివార్ల నుంచి ఉత్తరానికి నాలుగు గంటల డ్రైవు. ఆయన పడవలో వెళ్ళాం. హ్యూరాన్ అంటే మన పాత ప్రకాశం జిల్లాలాంటివి మూడు అందులో పడేసినా ఇంకా చోటు మిగిలే సరస్సు. అవతలి ఒడ్డు కనబడదు. అవతలి ఒడ్డు కెనడా.

పడవ వెనక డౌన్‌రిగ్గర్ అని ఒక గిలకలాంటిది ఉంటుంది. ఇనప తీగ చివర ఫిరంగి గుండంత సీసపు గుండు. ఆ గుండుకి మన గాలం తాడు ఒక క్లిప్పుతో తగిలించి, నూట ఇరవై అడుగుల లోతుకి దింపుతారు. చేప ఎరను లాగగానే క్లిప్పు ఊడుతుంది, తాడు మన చేతిలోకి వస్తుంది, గుండు గుండు దగ్గరే ఉండిపోతుంది. చాలా ముచ్చటైన ఇంజినీరింగ్. పడవ మెల్లగా, నడకంత వేగంతో పోతూ ఉంటుంది. ఎర నేలకి అడుగో రెండడుగుల ఎత్తులో పోవాలి. పడేదాకా చేసే పనేమీ ఉండదు, స్క్రీన్ మీద సోనార్ గీతలు చూస్తూ కూర్చోవడమే. అంటే ఆఫీసులో నేను చేసేదే.

సాల్మన్ పట్టేవాళ్ళకి లేక్ ట్రౌట్ అంటే కొంచెం చిన్నచూపు. పెనుగులాట తక్కువ, కొవ్వెక్కువ అంటారు. నాకు మాత్రం ఆ బరువు నచ్చింది. ఎక్కడో అడుగు నుంచి బరువైన బిందెను చేదుతున్నట్టు, మధ్యమధ్యలో తల విదిలించి 'నేను బిందెను కాదురా' అని చెబుతున్నట్టు ఉంటుంది. పైకొచ్చాక బూడిదరంగు ఒళ్ళు, దాని మీద లేత పసుపు చుక్కలు. ఆ రోజు మొదట పడ్డ చేప రెక్క వెనక గుండ్రంగా, రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. మా మేనేజరు బొటనవేలితో దాన్ని తడిమి, "ఏ-3" అన్నాడు. రెండో చేపకి మాత్రం అది ఇంకా వేలాడుతూనే ఉంది.

మలుగుపాములా ఉంటుంది లాంప్రే. జానెడున్నర పొడుగు. పడవలో పడగానే చేపను వదిలేసి కర్రల మధ్య మెలికలు తిరిగింది. దవడలు లేవు. మూతి ఒక గుండ్రటి గిన్నె, దాని చుట్టూ వరసలు వరసలుగా పళ్ళు, మధ్యలో రంపంలాంటి నాలుక. చేపకి అతుక్కుని, ఆ నాలుకతో చర్మం తొలిచి, గడ్డకట్టకుండా ఉమ్మి కలిపి రక్తం తాగుతుంది. మూడొందల మిలియన్ల ఏళ్ళకి పైగా ఈ డిజైను మారలేదట. బగ్ లేని కోడ్ అంటే ఇదేనేమో అనిపించింది. మా మేనేజరు దాన్ని బూటుతో తొక్కేశాడు. అక్కడ అందరూ అంతే చేస్తారు.

ఫోటో తీసి మా నాన్నకి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్.

"ఏందిరా అది, పామా?"

"చేపే నాన్నా. చేప రక్తం తాగే చేప."

"మరి దాన్ని తింటారా?"

ఇక్కడ తినరు. కానీ పోర్చుగల్లో అన్నంతో కలిపి వండుకు తింటారు, ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ 1135లో అవి తెగతినే చచ్చిపోయాడని చెబుతారు. అక్కడి గ్లాస్టర్ పట్టణం రాజుగారికో రాణిగారికో పండగలప్పుడు లాంప్రే పై చేసి పంపడం పాత ఆనవాయితీ. 2012లో ఎలిజబెత్ రాణి వజ్రోత్సవానికి వచ్చేసరికి ఇంగ్లండ్‌లో లాంప్రేలు కరువై, గ్రేట్ లేక్స్ నుంచి తెప్పించుకున్నారు. ఒక చోట బూటు కింద నలిగేది ఇంకో చోట రాణిగారి పళ్ళెంలోకి. నాన్నకి ఈ కథ బాగా నచ్చింది.

సంగతేమిటంటే ఈ సముద్రపు లాంప్రే హ్యూరాన్‌ది కాదు. అట్లాంటిక్ మహాసముద్రానిది. అక్కడ పెద్ద చేపల మధ్య అది చిల్లర దొంగ, దాంతోపాటే బతకడం వాటికి అలవాటు. గ్రేట్ లేక్స్‌కి సొంత లాంప్రేలు నాలుగు రకాలున్నాయి, వాటి వల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. పైనున్న సరస్సులకీ సముద్రానికీ మధ్య నయాగరా జలపాతం ఉంది. పదకొండు వేల ఏళ్ళు అదే కోటగోడ. ఆ గోడను చుట్టి ఓడలు వెళ్ళడానికి 1829లో వెలండ్ కాలువ తవ్వారు. తర్వాత దాన్ని పెంచుతూ, లోతు చేస్తూ పోయారు. 1921లో ఈరీ సరస్సులో లాంప్రే కనబడింది. 1936లో మిషిగన్‌లో, 1937లో హ్యూరాన్‌లో, 1938లో సుపీరియర్‌లో.

ఆ వరస చదువుతుంటే నాకు మా అద్దంకి బ్రాంచి కాలువ గుర్తొచ్చింది. నాగార్జునసాగర్ కుడికాలువ నుంచి చీలి వచ్చే ఆ కాలువ లేకపోతే మా వైపు చాలా పొలాలకి నీళ్ళే లేవు. కాలువ తవ్వినవాళ్ళు పుణ్యాత్ములు. అయితే కాలువకి తాను ఏం తెస్తోందో తెలీదు. కృష్ణ నీళ్ళతోపాటు కృష్ణలో ఏముంటే అది వస్తుంది. వెలండ్ తవ్వినవాళ్ళూ గోధుమల ఓడల గురించే ఆలోచించారు. డాన్ ఈగన్ అనే మిల్వాకీ విలేకరి 2017లో గ్రేట్ లేక్స్ చావుబతుకుల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో రెండో అధ్యాయం అంతా ట్రౌట్, లాంప్రే, ఏల్‌వైఫ్ అనే మూడు చేపల గురించే. పర్యావరణం మీద వచ్చే పుస్తకాల్లో సగం నాకు నచ్చవు. మొదటి పేజీ నుంచే ఏడుపు గొంతు. ఇతను మాత్రం ఓ డిటెక్టివ్ కథ చెప్పినట్టు చెబుతాడు. మీకు దొరికితే వదలకండి.

తర్వాత ఏమైందంటే, ఒక్కో లాంప్రే సరస్సులో గడిపే ఏడాది, ఏడాదిన్నరలో పద్దెనిమిది కిలోల దాకా చేపను చంపగలదు. లేక్ ట్రౌట్ గుడ్లు పెట్టే వయసుకి రావడానికి ఆరేడేళ్ళు కావాలి. అంటే పిల్లల్ని కనక ముందే తల్లి పోతుంది. లాంప్రే రాకముందు పై సరస్సుల్లో అమెరికా, కెనడా కలిపి ఏటా దాదాపు కోటీ యాభై లక్షల పౌన్ల ట్రౌట్ పట్టేవి. 1960ల మొదటికి అది మూడు లక్షల పౌన్లకి పడిపోయింది. మిషిగన్ సరస్సులో అయితే ట్రౌట్ పూర్తిగా పోయింది. లాంప్రే ఒక్కదాని పాపమే కాదు, అంతకు ముందు నుంచే మనుషులు ఎడాపెడా పట్టేస్తున్నారు. అప్పటికే నీరసించిన ఒంటికి జలగ పట్టింది.

పెద్ద చేప పోయేసరికి ఏల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగింది. అదీ సముద్రం నుంచి వచ్చిందే. 1960ల్లో అవి లక్షలకొద్దీ చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చి, షికాగో తీరమంతా కంపు. దాన్ని తినడానికని 1966లో మిషిగన్ రాష్ట్రం పసిఫిక్ నుంచి సాల్మన్ తెచ్చి వదిలింది. ఇవాళ ట్రౌట్‌ను చిన్నచూపు చూసే సాల్మన్ పార్టీ అంతా ఆ 1966 తర్వాత పుట్టిన అభిమాన సంఘమే. వచ్చినవాడిని తరమడానికి ఇంకొకణ్ణి పిలవడం, వాడికే సొంతింటి కూర్చీ వేయడం, అది వేరే కథ.

నన్ను పట్టుకున్నది లాంప్రే మీద యుద్ధం. యుద్ధం అనే మాట నాకిష్టం లేదు గానీ వాళ్ళు అలాగే అంటారు. మొదట వాగులకి అడ్డంగా జల్లెళ్ళు, కరెంటు తీగలు పెట్టి చూశారు. వెర్నన్ ఆపిల్‌గేట్ అనే శాస్త్రవేత్త ముందు దాని జీవితచక్రం మొత్తం కనిపెట్టి రాశాడు. మేం చేపలు పట్టిన చోటికి దగ్గర్లో ఒక్వియాక్ అని చిన్న నది ఉంది, అక్కడే. లాంప్రే వాగుల్లోకి ఎగబాకి గులకరాళ్ళ మధ్య వేలకువేలు గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పిల్లలు కళ్ళు లేకుండా, పళ్ళు లేకుండా, వాగు అడుగున బురదలో మూడేళ్ళు, ఐదేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం దాక్కుని ఉంటాయి. అప్పుడు అవి ఎవరికీ హాని చేయవు. ఆ తర్వాతే మూతి గిన్నెలా మారి, సరస్సులోకి దిగి, రక్తం మరుగుతాయి. సరస్సులో దిగాక ఏమీ చేయలేం. కొట్టాల్సింది వాగులో, బురదలో ఉన్నప్పుడే.

దానికి ఒక మందు కావాలి. లాంప్రే పిల్లల్ని చంపాలి, పక్కనే ఉన్న చేపని చంపకూడదు. హామండ్ బే అనే చోట ఆపిల్‌గేట్ బృందం గాజు జాడీల్లో లాంప్రే పిల్లల్నీ ట్రౌట్ పిల్లల్నీ కలిపి వేసి, ఒక్కో రసాయనం కలిపి చూస్తూ పోయింది. దాదాపు ఆరువేల రసాయనాలు! ఏళ్ళ తరబడి. చివరికి టీఎఫ్ఎమ్ అని పిలిచే ఒక నైట్రోఫినాల్ దొరికింది. మామూలు చేపల ఒళ్ళు దాన్ని విరిచేసి బయటికి పంపగలదు. లాంప్రే ఒంటికి ఆ విద్య సరిగా రాదు. 1958 నుంచి వాగుల్లో దాన్ని వాడుతున్నారు. బకెట్లతో కుమ్మరించడం కాదు. నీళ్ళ పీహెచ్ చూసి, ప్రవాహం కొలిచి, తగినంత మోతాదు పన్నెండు గంటలపాటు తగ్గకుండా హెచ్చకుండా నడపాలి. మోతాదు తక్కువైతే లాంప్రే బతికిపోతుంది, ఎక్కువైతే చేపలు చస్తాయి. ఇది కూడా మచ్చ లేని మందు కాదు, ఊరివైన నాలుగు రకాల లాంప్రేల పిల్లలూ దీనికి బలవుతాయి.

ఈ పని చేయించేది గ్రేట్ లేక్స్ ఫిషరీ కమిషన్. 1954లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుంటే 1955లో పుట్టింది. లాంప్రేల సంఖ్య తొంభై శాతం దాకా తగ్గింది. అయినా వందలకొద్దీ వాగులకి మూడు నాలుగేళ్ళకోసారి వంతులవారీగా మందు పెడుతూనే ఉండాలి. ఆపిన రోజున మళ్ళీ మొదలు. కోవిడ్ వచ్చి 2020, 2021లలో సిబ్బంది సరిహద్దులు దాటి, కలిసి పనిచేయలేకపోయారు, చాలా వాగులకి మందు పడలేదు. ఆ తర్వాత సరస్సుల్లో లాంప్రేలు పెరిగాయి, ట్రౌట్ల మీద గాయాలూ పెరిగాయి. ఇదంతా జరుగుతున్నా సుపీరియర్ సరస్సులో మాత్రం లేక్ ట్రౌట్ తన కాళ్ళ మీద తాను నిలబడిందని 2024లో ప్రకటించారు. అరవై డెబ్బై ఏళ్ళు పట్టింది.

ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కొత్త ఫీచర్ రాసినవాడికి చప్పట్లు. రాత్రి రెండింటికి లేచి సర్వర్ పడిపోకుండా చూసినవాడి పేరు ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే వాడి పని. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఖర్చు తగ్గింపులో భాగంగా ఈ లాంప్రే సిబ్బందిలో కొందరిని తీసేసింది, గోల అయ్యాక మళ్ళీ తీసుకుంది. బడ్జెట్ చూసేవాడికి చేపలు బాగానే కనబడుతున్నాయి కదా, ఇక వీళ్ళెందుకు అనిపిస్తుంది. మా కంపెనీల్లోనూ అంతే.

ఇన్ని చెప్పాను గానీ, 'ఇన్వేసివ్' అనే మాట దగ్గర నాకు ఎప్పుడూ కొంచెం గుచ్చుకుంటుంది. పడవలు దింపే చోట బోర్డులుంటాయి, నీటిలో హిచ్‌హైకర్లను ఆపండి అని. హెచ్-1బి మీద పన్నెండో ఏట ఉన్న మనిషి ఆ బోర్డు ముందు నిలబడి పడవ తుడుస్తుంటే లోపల ఏదో ఒకటి కదులుతుంది. పైగా మా సొంత చేపకే ఇక్కడ ఉన్న పేరు చూడండి. 2002లో మేరీలాండ్‌లో క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో స్నేక్‌హెడ్ కనబడితే పేపర్లన్నీ రాక్షస చేప అని హోరెత్తించాయి, చెరువుకి విషం పెట్టి చంపారు. ఎవరో పులుసుకని బతికున్నవి తెచ్చుకుని, మిగిలినవి చెరువులో వదిలారు. ఆ స్నేక్‌హెడ్ ఎవరనుకున్నారు, మన కొర్రమీనుకి స్వయానా చుట్టం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను! ఒక గట్టు మీద రాష్ట్ర చిహ్నం, ఇంకో గట్టు మీద కనబడితే చంపండి అనే నోటీసు.

అంతదాకా ఎందుకు, మా ఊరికి పేరు తెచ్చిన మిరపకాయ మా ఊరిదా? పోర్చుగీసు వాళ్ళు దక్షిణ అమెరికా వైపు నుంచి తెచ్చిన మొక్క. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలిన రోజుల్లో, ఆయన ఆస్థానంలో ఎర్రన మహాభారతం పూర్తి చేసిన రోజుల్లో, ఎర్రన పళ్ళెంలో మిరియమే తప్ప మిరపకాయ లేదు. పండుమిరప పచ్చడి తెలియకుండా అంత పద్యం ఎలా రాశాడో నాకు ఆశ్చర్యమే. పొగాకూ అట్లాంటిక్ అవతలిదే. మేం గింజుకునే పత్తిలో చాలాభాగం అమెరికన్ జాతే. కాబట్టి బయట నుంచి వచ్చిందంతా పాడు అనే మాట అద్దంకి వాడు అనలేడు. వచ్చి ఇమిడిపోయేవీ ఉంటాయి, వచ్చి కూలగొట్టేవీ ఉంటాయి. ఆ తేడా వచ్చినప్పుడే తెలీదు.

2021 చివర్లో మాకు వచ్చింది రెండో రకం. నల్ల తామర పురుగు. ఇండోనేషియా వైపుది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద ఉన్నట్టు రాశారు. ఆరేళ్ళు ఎక్కడ తిరిగిందో, 2021 నవంబరు, డిసెంబరుల్లో గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం మిరపతోటల మీద ఒక్కసారి పడింది. మామూలు తామర పురుగు ఆకు అడుగున ఉంటుంది. ఇది పూతలో దూరుతుంది. ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లటి నలకలు పది, ఇరవై. పూత రాలిపోతుంది. పూత లేకపోతే కాయ లేదు.

మా నాన్నకి రెండున్నర ఎకరాలు మిరప ఉంది ఆ ఏడు. అప్పటికి ఎకరాకి లక్ష దాటి పెట్టేశాడు. పురుగుమందుల కొట్టుకి వెళ్ళి ఇది కొట్టండి అంటే అది కొట్టాడు. నాలుగు రోజులాగి తగ్గలేదంటే ఇంకోటి ఇచ్చారు. తర్వాత రెండూ కలిపి కొట్టమన్నారు. మూడు రోజులకోసారి డ్రమ్ము కలపడమే పని. ఎవరి చేలో వాళ్ళు, ఎవరి కొట్టు చెప్పింది వాళ్ళు. ఈ చేలో కొడితే పురుగు గట్టు దాటి ఆ చేలోకి, ఆ చేలో కొడితే మళ్ళీ ఈ చేలోకి. తామర పురుగుని తినే మిత్రపురుగులు మాత్రం రెండు చేలలోనూ చచ్చాయి. అలా విచ్చలవిడిగా కొట్టొద్దని, నీలిరంగు జిగురు అట్టలు కట్టమని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఆ మాట మా ఊరి చేల దాకా వచ్చేసరికి పూత రాలిపోయింది. సంక్రాంతి లోపల నాన్న తోట పీకించి దున్నించేశాడు. ఆ సంవత్సరమే గుంటూరు యార్డులో మిరపకాయ రేటు ఆకాశానికి పోయింది, పండించినవాళ్ళకి.

నేను అప్పుడు మిషిగన్‌లో మంచు పారబోసుకుంటున్నాను. వీడియో కాల్‌లో తోట చూపించాడు. ఆకులు పైకి ముడుచుకుని, ఎర్రగా. నేను డబ్బు పంపుతానంటే ఒప్పుకోలేదు. "డబ్బు సంగతి కాదురా," అన్నాడు. "అదేందో తెలీకుండా పోరాడాల్సొచ్చింది." నాలుగేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఆరువేల జాడీల సంగతి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ మాటే. అక్కడ ముందు అదేమిటో తెలుసుకున్నారు, ఎక్కడ పుడుతుందో, ఎప్పుడు మెత్తగా ఉంటుందో. తర్వాత దాన్ని మాత్రమే కొట్టే మందు వెతికారు. మా దగ్గర మందు ముందొచ్చింది, పురుగు పేరు తర్వాత తెలిసింది.

వాళ్ళకి డబ్బుంది, మనకి లేదు అని తేల్చేయొచ్చు. సగం నిజమే. కానీ లాంప్రే సరస్సులో దిగిన 1930ల నుంచి మందు దొరికిన 1958 దాకా వాళ్ళూ ఇరవై ఏళ్ళు చేతులు కట్టుకు కూర్చున్నంత పని చేశారు. ఒడ్డున బెస్తపల్లెల్లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి, పడవలు అమ్మేశారు. అప్పటి వాళ్ళ ముఖాలూ మా నాన్న ముఖంలాగే ఉండి ఉంటాయి. మన దగ్గరా పని చేసేవాళ్ళు లేకపోలేదు. అక్వేరియం అద్దాలు నాకే చేపని జనం తీసుకెళ్ళి కాలువల్లో వదిలితే, ఇప్పుడు అది దెయ్యం చేప పేరుతో మన చెరువుల్లో వలలు చింపుతోంది కదా, దాన్ని హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళు నీళ్ళలో కలిసిన డీఎన్ఏ పట్టి ఏ చెరువులో ఉందో కనిపెడుతున్నారు. చేపని చూడకుండా ఒక చెంబెడు నీళ్ళతో! కనిపెట్టాక ఆ చెరువు కాడికి ఎవరు వెళ్ళాలి, ఏటేటా ఎవరు వెళ్ళాలి అన్నదే మిగిలింది.

ట్రౌట్ పులుసు గురించి చెప్పకపోతే నా భార్య ఊరుకోదు. ఆ చేపలో కొవ్వు ఎంతంటే నూనె అక్కర్లేదు. ఇక్కడివాళ్ళు పొగపెట్టి తింటారు. మేం చింతపండు పులుసు పెట్టాం, చిక్కగా, మెంతిపిండి వేసి, గుంటూరు కారంతో. మొదటిరోజు కొంచెం నీచువాసన. రెండోరోజుకి అద్భుతం. పెద్ద ట్రౌట్లు ఎక్కువ తినొద్దని, కొవ్వులో రసాయనాలు పేరుకుంటాయని రాష్ట్రం హెచ్చరిక ఉంది కాబట్టి చిన్న చేపే వండాం, కొవ్వు ఉన్న వీపు చారికా పొట్టా కోసి పారేశాం. గాయం ఉన్న ముక్కను నా భార్య విడిగా తీసి పక్కన పెట్టింది, తినబుద్ధి కాలేదంది.

నాన్న మూడేళ్ళు శనగే వేశాడు. ఈ ఏడు ఒక్క ఎకరం మళ్ళీ మిరప పెట్టాడు. ఎందుకన్నా అంటే, శనగ చేలో నిలబడితే చేలో నిలబడ్డట్టు లేదంట. మొన్న ఆదివారం ఫోన్ చేస్తే నీలం అట్టలు కట్టానని చెప్పాడు. కర్రలకి, మొక్కల ఎత్తులో, వరసగా. రోజూ పొద్దున్నే వెళ్ళి అట్టకి ఎన్ని అంటుకున్నయ్యో చూస్తున్నాడట. పాత క్యాలెండర్ వెనక లెక్క రాస్తున్నాడట. అమ్మ నవ్వుతోందట. నేను గాయాల గ్రేడింగ్ సంగతి, వందకి ఐదు లక్ష్యం సంగతి చెబితే శ్రద్ధగా విన్నాడు.

"సున్నా ఎందుకు పెట్టుకోలేదంట?"

"రాదని తెలుసు కాబట్టి."

"ఊఁ. అది నిజం."

కాసేపాగి, "గట్టవతల వాళ్ళు అట్టలు కట్టలా," అన్నాడు. "చెప్పి చూశా. నీకు అమెరికాలో కొడుకున్నాడు, నువ్వు ఎన్నైనా కడతావు అంటన్నారు. సరే గానీ అబ్బాయ్, సరస్సు సగం ఆ దేశానిదంటివి గదా. ఆ కెనడా వాళ్ళ చేత ఎవుడు ఒప్పించాడ్రా?"

అది నేనూ వెతికి చదివిన సంగతే. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఆ సరస్సుల చేపల మీద ఉమ్మడి ఒప్పందం కోసం కమిటీలు వేస్తూనే ఉన్నారు. ఏ రాష్ట్రమూ తన ఒడ్డు మీద ఇంకొకళ్ళ పెత్తనానికి ఒప్పుకోలేదు. 1946లో సంతకాల దాకా వచ్చింది కూడా అమలు కాలేదు.

"ఎవరూ ఒప్పించలేదు నాన్నా. రెండు వైపులా వలలు ఖాళీ అయ్యాక వాళ్ళే ఒప్పుకున్నారు."

నాన్న ఏమీ అనలేదు. వెనక ఎక్కడో బోరు మోటారు మొదలైన చప్పుడు వినబడింది.

"మనవీ ఖాళీ అయినయ్ గదరా," అన్నాడు. అని, కరెంటు వచ్చింది, నీళ్ళు మడవకి తిప్పాలి, సాయంత్రం చేస్తానని ఫోన్ పెట్టేశాడు.